షాకులు కాదు.. బ్రేకులు చూడండి!

* కొండ సైకిల్ కొనేముందు తెలుసుకోవాల్సినవి
* పది, పదిహేను వేల బడ్జెట్లో ఏది మేలు?

కొరాపుట్, రాయగడ: పరీక్షలు అయిపోయాయి. ఇంట్లో పోరు మొదలైంది. 'గేర్ల సైకిల్ కొంటావా, లేదా నాన్నా?' అని కొడుకు. 'బడిలో ఇచ్చిన సైకిల్ ఉంది కదరా' అని తండ్రి. 'దాంతో ఘాటీ ఎక్కగలమేటి?' అని మళ్లీ కొడుకు. చివరికి గెలిచేది కొడుకే. ఇద్దరూ కలిసి మెయిన్‌రోడ్డులోని సైకిల్ షాపుకు బయలుదేరతారు. అక్కడ లావుపాటి టైర్లు, ముందూ వెనకా స్ప్రింగులు, రెండు చక్రాలకూ డిస్కులు, నిగనిగలాడే రంగులు. ధర తొమ్మిది వేలు. ఇంకేం కావాలి? డబ్బు కట్టి ఇంటికి తెచ్చేస్తారు.

ఆరు నెలలు తిరగకముందే ఆ సైకిల్ మేడమెట్ల కింద చేరుతుంది. గేరు వేస్తే చైను జారుతుంది. డిస్కు గీరుకుంటుంది. స్ప్రింగు కిర్రుమంటుంది. అంతవరకైతే పోయింది డబ్బే అనుకోవచ్చు. ఘాటీ దిగేటప్పుడు బ్రేకు అందకపోతే పోయేది డబ్బు కాదు. కొండ ప్రాంతంలో సైకిల్ కొనడంలో జాగ్రత్త పడాల్సింది అందుకే. పెట్టే డబ్బు తక్కువని కాదు, ఎక్కడ పెట్టాలో తెలియకే చాలామంది మోసపోతుంటారు.

ఒకప్పటి ఒకే జిల్లా.. నేలలు రెండు

1992 అక్టోబరు వరకు రాయగడ, కొరాపుట్ ఒకే జిల్లా. నేల మాత్రం ఎప్పుడూ ఒకటి కాదు. నాగావళి ఒడ్డునున్న రాయగడ సముద్రమట్టానికి 200 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే, కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ చేరాలంటే మధ్యలోని ఎత్తుపల్లాలు పక్కన పెట్టినా 650 మీటర్లు ఎక్కాల్సిందే. సాలూరు వైపు నుంచి వచ్చేవారికి సుంకి ఘాటీ ఎదురవుతుంది. జయపురం వెళ్లేవారికి కొరాపుట్ దాటాక దిగుడు. సిమిలిగుడ, పొట్టంగి ప్రాంతంలోని దేవమాలి సరేసరి. 1,672 మీటర్ల ఆ శిఖరం ఒడిశాలోనే ఎత్తయినది.

కాబట్టి షాపులో అడుగుపెట్టక ముందే తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది. సైకిల్ తిరిగేది ఎక్కడ? రాయగడ పట్టణంలో ట్యూషన్‌కు, బజారుకు, జేకేపూర్ వరకు వెళ్లి రావడానికే అయితే గేర్లు లేకపోయినా ఇబ్బంది లేదు. గట్టి ఫ్రేమ్, లావు టైర్లు ఉన్న మామూలు సైకిల్ చాలు. కొరాపుట్, సునాబెడ, దమంజోడి, సిమిలిగుడ వాళ్లకు అలా కుదరదు. వీధి చివర మలుపు తిరిగితేనే ఎత్తు. వాళ్లకు గేర్లు షోకు కాదు, అవసరం.

పుట్టిందే కొండ దిగడానికి

కొండ సైకిల్ పుట్టుక కథ వింటే దేనికి ప్రాధాన్యం ఇవ్వాలో ఇట్టే అర్థమవుతుంది. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు పాత బరువు సైకిళ్లకు లావు టైర్లు తగిలించి, కొండ మీది మట్టి బాటల్లో దిగేవారు. 1976లో పందేలు కూడా మొదలుపెట్టారు. ఆ పందేనికి వాళ్లు పెట్టుకున్న పేరు 'రీప్యాక్'. వెనక చక్రం ఇరుసులో ఉండే బ్రేకు కొండ దిగేసరికి వేడెక్కి, లోపలి గ్రీజు అంతా కాలిపోయేది. దిగిన ప్రతిసారీ విప్పి మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది. పేరు అలా వచ్చింది. ఆ తర్వాతే బలమైన బ్రేకులు, ఎక్కువ గేర్లతో ప్రత్యేకంగా సైకిళ్లు తయారయ్యాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి అదో క్రీడగా నిలబడింది. ఇంత కథలో మొదట వచ్చింది బ్రేకు సమస్యే. స్ప్రింగు షాకులు వచ్చింది చాలా తర్వాత.

ఇప్పుడు మన ఘాటీలకే లెక్క వేద్దాం. 60 కిలోల మనిషి 15 కిలోల సైకిల్‌పై 200 మీటర్ల ఎత్తు దిగాడనుకుందాం. ఆ వేగాన్నంతా బ్రేకులే ఆపాల్సి వస్తే పుట్టే వేడి దాదాపు అర లీటరు చన్నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. గాలి కొంత ఆపుతుంది నిజమే. మిగతా భారమంతా వేలెడంత బ్రేకు రబ్బర్ల మీదే. ఇక ఏ బ్రేకో చూసుకోకుండా రంగు చూసి కొంటే ఎలా?

డిస్కు అంటే చాలదు

డిస్కు బ్రేకు ఉంటే మంచిదేనన్నది అందరి నమ్మకం. పూర్తిగా నిజం కాదు. బడ్జెట్ సైకిళ్లకు వచ్చేవి వైరుతో లాగే డిస్కులు. వాటిలో మంచివీ ఉన్నాయి, రేకు ముక్కలూ ఉన్నాయి. పలుచటి డిస్కు చిన్న దెబ్బకే వంగిపోతుంది. బాగుచేసే మెకానిక్ దగ్గరలో లేకపోతే ఆ సైకిల్ మూలపడ్డట్టే. దాని బదులు రిమ్మును రెండు వైపులా పట్టే 'వీ బ్రేకు'లు మంచి రబ్బర్లతో ఉంటే మేలు. ఇరవై నిమిషాల్లో ఎవరైనా మార్చగలరు. అయితే వానాకాలంలో రిమ్ము తడిసి, బురద పట్టినప్పుడు వాటి పట్టు తగ్గుతుంది. ఏడాదంతా మట్టి బాటల్లో తిరిగేవారికి నమ్మకమైన డిస్కే మంచిది.

షాపులోనే పరీక్షించే ఉపాయాలు రెండున్నాయి. చక్రం పైకెత్తి తిప్పండి. డిస్కు గానీ రిమ్ము గానీ అటూఇటూ ఊగకూడదు. తర్వాత బ్రేకు గట్టిగా నొక్కండి. పిడి హ్యాండిల్‌కు తగలకముందే చక్రం బిగుసుకోవాలి. తగిలిందంటే వైరన్నా బిగించాలి, సైకిలన్నా మార్చాలి.

వెనక షాకు.. జేబుకు షాకు

తొమ్మిది వేల సైకిల్‌కు రెండు షాకులు ఎలా వస్తున్నాయి? ఇంకెక్కడో కోత పెడితేనే వస్తాయి. ఆ కోత పడేది బ్రేకులు, రిమ్ములు, బేరింగుల మీదే. పైగా ఈ ధరలో షాకు అంటే వట్టి స్ప్రింగు. ఊగుడును అదుపు చేసే ఏర్పాటు లోపల ఉండదు. ఎత్తు ఎక్కేటప్పుడు తొక్కే ప్రతి తొక్కుకూ వెనక స్ప్రింగు కిందికీ పైకీ ఊగుతుంది. కాలి సత్తువ కొంత అక్కడే పోతుంది. బరువూ ఎక్కువే. ఇలాంటి సైకిళ్లు కొన్ని 18 నుంచి 20 కిలోల వరకు తూగుతాయి.

అందుకే మొదటిసారి కొనేవారికి ఒకటే సూత్రం. వెనక షాకు వద్దు. ముందు షాకు ఉంటే సరే, లేకపోయినా చింత లేదు. లావు టైరులో గాలి కాస్త తగ్గిస్తే గతుకుల్లో అదే షాకులా పనిచేస్తుంది. ఎంత గాలి ఉండాలో టైరు పక్కనే ముద్రించి ఉంటుంది. ఆ హద్దులు దాటకుండా చూసుకోవాలి.

21 గేర్లు ఎందుకంటే..

ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు. మూడేళ్లు ఇరవై ఒకటి. అన్నీ వాడరు. మనకు కావాల్సింది అన్నింటికంటే తేలికైన గేరు. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉండే గేరులేని సైకిల్‌ను ఒక చుట్టు తొక్కితే 26 అంగుళాల చక్రంపై దాదాపు 5 మీటర్లు పోతుంది. ముందు 24, వెనక 28 పళ్లున్న గేరులో అదే చుట్టుకు రెండు మీటర్లలోపే కదులుతుంది. దూరం తగ్గింది కాబట్టి కాలికి బరువూ తగ్గుతుంది. ఆలస్యమైనా ఘాటీ ఎక్కేస్తారు. దిగి తోసుకుంటూ వెళ్లే పని ఉండదు.

గేర్ల సంఖ్య అడగడం కంటే ముందు చిన్న చక్రానికి, వెనక పెద్ద చక్రానికి పళ్లెన్నో అడగడం తెలివైన పని. వెనక పళ్లు ముందటి వాటికంటే ఎక్కువ ఉన్నాయంటే కొండకు పనికొస్తుంది. ఎక్కడం మొదలుకాక ముందే గేరు తగ్గించుకోవాలన్నది మరో కిటుకు. బలంగా తొక్కుతూ మధ్యలో మారిస్తే చైను తెగినా తెగుతుంది.

'ఎదిగే పిల్లాడు' అనొద్దు

చొక్కా కొన్నట్టు రెండు సైజులు పెద్దది కొనడం మనవాళ్ల అలవాటు. సైకిల్ విషయంలో అది ప్రమాదం. ఫ్రేమ్‌కు రెండు వైపులా కాళ్లు నేలమీద పూర్తిగా ఆనించి నిలబడితే పై గొట్టానికీ శరీరానికీ మధ్య కనీసం రెండు అంగుళాల సందు ఉండాలి. సుమారుగా అయిదడుగుల పైన అయిదూ నాలుగు వరకు ఎత్తున్నవారికి 15, 16 అంగుళాల ఫ్రేమ్, అక్కడి నుంచి అయిదూ ఎనిమిది వరకు 17, 18 అంగుళాలది సరిపోతుంది. సీటు ఎత్తు చూడటం ఇంకా సులువు. పెడల్ అడుగున ఉన్నప్పుడు దానిపై మడమ పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి.

మన మెకానిక్‌కు అందేదే మనది

విశాఖ, విజయనగరం షాపుల్లో ఎంత గొప్ప సైకిల్ దొరికినా, చెడిపోయేది మన ఊళ్లోనే. కాబట్టి చక్రం కొలతను చూసి కొనాలి. 26 అంగుళాల టైరు, ట్యూబు చిన్న పట్టణాల్లోనూ దొరుకుతాయి. 27.5 ఇప్పుడు బాగానే వస్తోంది. 29కి మాత్రం ముందుగా మన ఊరి షాపులో వాకబు చేయాలి. ట్యూబు వాల్వు మోటార్‌సైకిల్‌కు ఉన్నట్టే ఉంటే పెట్రోలు బంకులోనూ గాలి పెట్టించుకోవచ్చు. పుల్లల చక్రమే తీసుకోవాలి. పుల్ల విరిగితే మార్చొచ్చు, బెండు తీయొచ్చు. ఒకే అచ్చులో పోసిన చక్రం పగిలితే పారేయడమే.

పార్సిల్లో వచ్చే సైకిళ్లతో మరో చిక్కు. సగం బిగించి పంపుతారు. మిగతాది ఇంట్లో బిగించుకోబోయి హ్యాండిల్ కింది ఫోర్కును వెనక్కి తిప్పి పెట్టేవారున్నారు. ఎడమ పెడల్ మర రివర్సులో తిరుగుతుందని తెలియక బలవంతంగా బిగించి మర చెడగొట్టేవారూ ఉన్నారు. రెండు మూడు వందలు ఇచ్చి మెకానిక్‌తో బిగించుకోవడమే చవక. కొత్త సైకిల్ వైర్లు మొదటి నెలలో కాస్త సాగుతాయి. కాబట్టి నెల తర్వాత ఒకసారి బ్రేకులు, గేర్లు సరిచేయించాలి.

లెక్క ఇలా వేసుకోండి

సుమారుగా గేర్లు లేని లావు టైర్ల సైకిళ్లు ఆరు నుంచి తొమ్మిది వేలు, 21 గేర్లవి పది నుంచి పదహారు వేలు పలుకుతున్నాయి. ఆయిల్ డిస్కులవి ఇరవై వేలు దాటుతాయి. సైకిళ్లపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు అడిగి తీసుకుంటే ఆ తగ్గింపు మనకు అందిందో లేదో తెలుస్తుంది. ఫ్రేమ్ నంబరు బిల్లుపై రాయించుకుంటే దొంగతనం జరిగినప్పుడూ అక్కరకొస్తుంది.

చేతిలో పదిహేను వేలుంటే మొత్తం సైకిల్‌కే పెట్టొద్దు. పన్నెండు వేలలో సైకిల్ చూసుకుని మిగతా మూడు వేలు హెల్మెట్, ముందు వెనక లైట్లు, గాలి పంపు, పంక్చరు సామాను, తాళానికి ఉంచుకోవాలి. చలికాలం పొద్దున్నే పొట్టంగి వైపు మంచు కమ్మితే, ఎదురుగా వచ్చే లారీకి సైకిల్ కనిపించేది ఆ లైటు వల్లే.

దిగేటప్పుడు రెండు బ్రేకులూ వాడాలి. ఆగకుండా నొక్కి పట్టుకోకుండా మలుపుకు ముందే వేగం తగ్గించి, కాసేపు వదిలి మళ్లీ నొక్కాలి. పెద్ద ఘాటీ అయితే మధ్యలో ఓసారి ఆగి బ్రేకులకు ఊపిరి ఇవ్వాలి. పనిలో పనిగా కొండలూ చూడొచ్చు. ఎంతైనా సైకిల్ కొనిపించుకున్నది అందుకే కదా!