రోజుకు మూడు వేల ముద్దలు: మాండరిన్ చేప ఆకలి లెక్క

గచ్చిబౌలి నుంచి సముద్రం చూడాలంటే రోడ్డు మీద 300 కిలోమీటర్లకు పైనే వెళ్లాలి. అందుకే ఇక్కడి అపార్ట్‌మెంట్లలో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్లు సముద్రాన్ని ఇంట్లోనే కలుపుకుంటారు. ఆర్‌ఓ నీళ్లు, లీటరుకు 35 గ్రాముల సముద్రపు ఉప్పు. 300 లీటర్ల తొట్టెకు పదిన్నర కిలోలు. ఉప్పునూ వేడినీ పీహెచ్‌నూ మీటరు చూసి సరిచేసుకోవచ్చు. చేపకు కడుపు నిండిందో లేదో చెప్పే మీటరు మాత్రం దొరకదు. ఎక్కువమంది నష్టపోయేది అక్కడే.

ముఖ్యంగా మాండరిన్ చేప విషయంలో. నీలం, నారింజ రంగుల చారలతో ఏడెనిమిది సెంటీమీటర్లకు మించని ఈ పసిఫిక్ చేప, కొన్న కొద్ది వారాలకే డొక్క లోపలికి పోయి, తల వెనక కండ కరిగి చిక్కిపోతుంది. జబ్బేమోనని మందులు వేస్తారు. చాలాసార్లు అది జబ్బు కాదు, పస్తు.

దాని తిండి తీరు చూడండి. వెలుగున్నంతసేపూ రాళ్ల మీద ఆగి ఆగి కదులుతూ కోపెపాడ్‌లనే సన్నటి పురుగులను ఒక్కొక్కటిగా ఏరుకుంటుంది. వాటి పొడవు చాలావరకు ఒక మిల్లీమీటరు లోపే. నిమిషానికి 5 ముద్దలు అనుకుందాం. గంటకు 300, పది గంటల వెలుగులో 3,000. ఇది ఉజ్జాయింపే. ఇప్పుడు ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక సీసాలో 3,000 కోపెపాడ్‌లు ఉన్నాయనుకోండి, ఒక్క రోజు కూడు. అందుకే సీసాను తిండిగా కాక విత్తనంగా చూడాలి.

విత్తనానికి మడి కావాలి. 15 లీటర్ల బకెట్లు రెండు తీసుకుని తొట్టె నీళ్లే పోసి, నెమ్మదిగా గాలి బుడగలు వదిలి, నీరు లేత ఆకుపచ్చగా కనిపించేంత ఫైటోప్లాంక్టన్ అనే సూక్ష్మ నాచు వేస్తూ ఉండాలి. టిస్బే జాతి కోపెపాడ్‌లకు 25 డిగ్రీల దగ్గర ఒక తరం ఒకటి రెండు వారాల్లో ఎదుగుతుంది. మొదటి రెండు మూడు వారాలు ఏమీ తీయకూడదు. తర్వాత సన్నటి జల్లెడతో వారానికి పావు వంతు చొప్పున తీసి, దీపాలు ఆరాక తొట్టెలో వదలాలి. రెండు బకెట్లు ఎందుకంటే, ఒకదానిలోవి ఒక్కోసారి ఉన్నట్టుండి చచ్చిపోతాయి.

ఆ మూడు వారాలూ చేపను నిలబెట్టేది ఆర్టీమియా, రొయ్య పిల్లలకు మేతగా వేసే బుల్లి జీవి. విశాఖ, కాకినాడ, నెల్లూరు తీరంలో రొయ్యల హేచరీలు ఎరిగినవాళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. ఒక గ్రాము గుడ్లలో రెండు లక్షలకు పైనే ఉంటాయి. లీటరు నీటిలో 25 నుంచి 30 గ్రాముల ఉప్పు, 28 డిగ్రీల వేడి, గాలి, వెలుతురు ఇస్తే 24 గంటల్లో పిల్లలు బయటికొస్తాయి. డిసెంబరు చలిలో పక్కన బల్బు పెట్టకపోతే ఆలస్యమవుతుంది. ఒక్క చేపకు పావు గ్రాము గుడ్లు చాలు. గుడ్ల పెంకులు కడుపులో అడ్డుపడతాయి కాబట్టి వేరు చేసి, మంచినీటితో కడిగి వేయాలి. పుట్టిన పిల్ల తన సొన మీదే బతుకుతుంది, గంటలు గడిచేకొద్దీ దాని సత్తువ తరుగుతుంది. కాబట్టి అప్పుడే పుట్టినవి వెంటనే పెట్టాలి, లేదా నోరు తెరుచుకున్నాక, అంటే ఎనిమిది గంటలు దాటాక, ఒమేగా కొవ్వుల ద్రావణం తాగించి పెట్టాలి. నెలల తరబడి ఉత్త ఆర్టీమియాతో నెట్టుకొస్తే చేప బతికినట్టే కనిపిస్తుంది గాని కోలుకోదు.

గడ్డకట్టించిన మైసిస్ (రొయ్యలాంటి బుల్లి జీవి) అలవాటు చేయగలిగితే మంచిదే. అయితే అందులో 80 శాతానికి పైగా నీరే. రోజుకు ఒకసారి ఒక ముక్క వేసి ఊరుకుంటే బక్క చేపకు చాలదు, మూడు నాలుగు విడతలుగా పెట్టాలి. చురుకైన చేపలు లాక్కుపోకుండా చిన్న గాజు సీసాను అడుగున వాలుగా పెట్టి, పొడవాటి పిప్పెట్‌తో అందులోకే వదలండి. అప్పుడు పంపు పది నిమిషాలు ఆపాలి, మళ్లీ వేయడం మరిచిపోకూడదు.

ఇక్కడి ఎండాకాలం ఈ లెక్కను ఇంకా కష్టం చేస్తుంది. మే నెలలో ఏసీ ఆపేసి ఆఫీసుకు వెళితే 26 డిగ్రీల తొట్టె 30కి చేరడం మామూలే. నీటి వేడి 10 డిగ్రీలు పెరిగితే చేప ఒంటి ఖర్చు సుమారు రెట్టింపవుతుంది. ఆ లెక్కన 4 డిగ్రీలకు 30 శాతం అదనం. అదే తిండి తింటూ మార్చిలో నిలదొక్కుకున్న చేప మేలో చిక్కిపోవడానికి ఇది ఒక కారణం.

బాగా తింటూనే తగ్గిపోతుంటే, తెల్లటి దారంలాంటి మలం వస్తుంటే, కడుపులో పరాన్నజీవులు ఉన్నాయని అనుమానించాలి. వైద్యం వేరే తొట్టెలోనే. పొలుసుల్లేని ఈ చేపకు రాగి మందులు ప్రమాదం.

వారానికోసారి ఒకే కోణంలో, పక్క నుంచీ పై నుంచీ ఫొటో తీసి పెట్టుకోండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు. రాళ్లు వేసి ఏడాది నిండని తొట్టెలో మాండరిన్‌ను వదలకండి. కొనే ముందు మీ ఎదుటే తిండి వేయమని దుకాణంలో అడగండి. తినకపోతే, ఎంత తక్కువ ధర చెప్పినా కొనకండి.