పిల్లలు - రూపం మీద బెంగ



ఎనిమిదేళ్ల పిల్ల అద్దం ముందు నిలబడి “అమ్మా, నేను లావుగా ఉన్నానా?” అని అడిగితే మనం నవ్వి ఊరుకుంటాం. అంత చిన్న వయసులో ఆ బెంగ ఎక్కడి నుంచి వచ్చిందో ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం.

ఈ బెంగ సెల్‌ఫోన్‌తోనే మొదలు కాలేదు. ఫిజీ దీవుల్లోని ఒక ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. ఒంటిపుష్టే అందమని భావించే సమాజం అది. సన్నబడాలని తిన్నది కక్కుకునే అలవాటు అక్కడి బడి ఆడపిల్లల్లో అప్పటికి ఒక్కరికీ లేదు. 1998లో నూటికి 11 మందికి ఉన్నట్లు హార్వర్డ్ పరిశోధకులు గమనించారు.

టెలివిజన్‌లో కనిపించేవారు ఎక్కడో ఉన్న తారలు. ఇన్‌స్టాగ్రామ్ వంటి వాటిలో కనిపించేవారు తోటి పిల్లలు. అందుకే పోలిక ఇంకా గట్టిగా తగులుతుంది. పైగా అవి అసలు ముఖాలు కావు. ఫిల్టర్లు చర్మాన్ని నునుపు చేస్తాయి, తెలుపు చేస్తాయి, ముక్కును సన్నం చేస్తాయి. తమ శరీరం బాగాలేదని బాధపడే అమ్మాయిల్లో నూటికి 32 మంది, ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను పెంచిందని చెప్పినట్లు 2021లో బయటపడిన ఆ కంపెనీ పత్రాలే తెలిపాయి. పదమూడేళ్లు నిండనివారికి ఖాతా ఉండకూడదని నియమం. అయితే చిన్నపిల్లలు అమ్మ ఫోనులోనో, అన్న ఫోనులోనో అన్నీ చూస్తూనే ఉన్నారు.

ఫోను లాక్కోవడం కన్నా, అది ఎలా మోసగిస్తుందో చూపించడం మేలు. పిల్లల ముఖానికి అడుగు దూరంలో ఒక ఫోటో, ఐదడుగుల దూరంలో మరొకటి తీయండి. అడుగు దూరపు ఫోటోలో ముక్కు అసలుకన్నా సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కకట్టారు. చెవులకన్నా ముక్కు కెమెరాకు దగ్గరగా ఉండడమే కారణం. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆరేళ్ల పిల్లవాడికైనా అర్థమవుతుంది.

ఇక మన నోటి మాట. హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, రాయగడలో ఉన్నా, పెళ్లిలో కలిసిన మేనకోడలిని మనం ముందుగా పలకరించేది “ఏమే, ఇలా నల్లబడ్డావేం?” అనే కదా! “ఏం చదువుతున్నావు, ఏం ఆడుతున్నావు?” అని అడిగి చూడండి.

పిల్లలు తరచు అన్నం మానేస్తున్నా, తిన్న వెంటనే దొడ్లోకి వెళ్లి కక్కుకుంటున్నా, బడిలో గ్రూపు ఫోటోకు రానని మొండికేస్తున్నా కోప్పడకండి. కూర్చోబెట్టుకుని మాట్లాడండి. తిండి మానడం, కక్కుకోవడం ఆగకపోతే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.