అతుకు తెలియని ధ్వని

కృష్ణానదికి చేరువనున్న అమరచింత చేనేతకు పేరొందిన యూరు. ఒకప్పుడు ఒక సంస్థానమునకు తన పేరిచ్చినది. నేడు వనపర్తి జిల్లాలో చేరియున్నది. ఆ ప్రాంతముననే, గద్వాలలో, నేయు చీరెలను చూచినవారికొక సంగతి తెలిసియుండును. చీరె నడిమిభాగము నూలు. అంచును కొంగును పట్టు. ఈ రెంటిని వేరువేరుగా నేసి కుట్టరు. నేయుచున్నప్పుడే నూలుపోగును పట్టుపోగుతో మెలివేసి కలుపుదురు. ఆ కలయిక కుదిరినచో చేతితో తడిమినను అతుకు తెలియదు. కుదరనిచో ఎంత మేలైన పట్టైనను వెలవెలబోవును.

శబ్దమును యంత్రముచే తిరిగి పలికించుటయందును ఇట్టి చిక్కే కలదు.

ధ్వని యనగా గాలి యొక్క కంపనము. సెకనుకు ఇంచుమించు 20 కంపనములు మొదలుకొని 20,000 వరకు మానవుని చెవి గ్రహింపగలదు. వయసు పైబడినకొలది ఈ పైమేర తగ్గిపోవును. ఈ విషయమున తాతకంటె మనుమడే ధనవంతుడు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణించును. కావున సెకనుకు 20 కంపనములు గల మంద్రధ్వని యొక్క అల 17 మీటర్ల పొడవుండగా, 20,000 కంపనముల తారధ్వని యొక్క అల రెండు సెంటీమీటర్లైనను ఉండదు. డప్పు మ్రోతను పలికించుటకు గాలిని పెద్దమొత్తముగా ముందువెనుకలకు త్రోయవలెను. అందుకు వెడల్పైన శంకువు కావలెను. గజ్జెల చిరుసవ్వడికి త్రుటిలో కదలి త్రుటిలో ఆగగల తేలికయైన చిన్న గుమ్మటము కావలెను. మొదటిదానిని ఊఫరనియు, రెండవదానిని ట్వీటరనియు పిలుతురు. రోకలితో ముగ్గు వేయుట యెట్లు పొసగదో, ఊఫరుతో గజ్జెలను పలికించుటయు నట్లే పొసగదు.

పాత రేడియోలలో పెక్కింటికి ఒక్క స్పీకరే చాలినది గదా యని యెవరైన అడుగవచ్చును. నిజాం ప్రభుత్వము 1935లో చేపట్టగా, 1950లో ఆకాశవాణిలో కలిసిన హైదరాబాదు దక్కన్ రేడియో కాలపు శ్రోతలకు అది చాలినమాట నిజమే. మీడియం వేవ్ ప్రసారములలో మిక్కిలి తారధ్వనులు అసలు చేరియుండవు. రాని ధ్వనిని పలికించు పని స్పీకరునకు లేదు. 1982లో జపానులో కాంపాక్ట్ డిస్కు అమ్మకమునకు వచ్చిన పిమ్మట స్థితి మారినది. అందు ధ్వని సంఖ్యల రూపమున నుండును. ధ్వనితరంగపు ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 65,536 మెట్లలో ఒకదానిగా గుర్తింతురు. ఒక కంపనమును పట్టుటకు రెండు కొలతలకు మించి కావలెను గనుక, ఈ లెక్కలో 20,000 కంపనముల ధ్వనియు ఇమిడిపోవును.

ఇంత విస్తారమైన ధ్వనిని ఊఫరునకును ట్వీటరునకును పంచియిచ్చు ఏర్పాటును క్రాసోవరు అందురు. వాడుకలోనున్న స్పీకరు పెట్టెలలో ఎక్కువభాగము ఆంప్లిఫయరు తరువాత ఈ పంపకము జరుగును. తీగచుట్ట మంద్రధ్వనులను పోనిచ్చి తారధ్వనులను అడ్డగించును. కండెన్సరు దీనికి విరుద్ధముగా పనిచేయును. చౌకయైన ఉపాయమే. కాని శక్తిలో కొంత తీగచుట్టలో వేడియై వ్యర్థమగును. అంతకంటె పెద్ద లోపము వేరొకటి. స్పీకరు విద్యుత్తునకు చూపు అడ్డంకి స్థిరముగా నుండదు. 8 ఓములని వ్రాసియున్నది కొన్ని పౌనఃపున్యములవద్ద 30 ఓములు దాటవచ్చును. అప్పుడు పంపకపు హద్దు అనుకొన్నచోట నిలువదు.

జూరాల ఆనకట్టవద్ద కృష్ణనీటిని కుడి యెడమ కాలువలకు మొదటనే తూములద్వారా విడుతురు గాని, అంతయు ఒకే కాలువలో వదలి పొలముల చివర గట్లు వేయరు. యాక్టివ్ క్రాసోవరు పద్ధతియు అట్టిదే. ధ్వనిసంకేతము ఒకటి రెండు వోల్టుల చిన్న రూపముననున్నప్పుడే దానిని విభజించి, ప్రతి స్పీకరునకును ప్రత్యేకమైన ఆంప్లిఫయరును అమర్తురు. కుడి యెడమల పెట్టెలలో రెండేసి స్పీకరులున్నచో ఆంప్లిఫయరులు నాలుగు. మూడేసి యున్నచో ఆరు. ఖర్చు పెరుగును. అందుచేతనే ఆసక్తిగలవారు భాగములను విడివిడిగా కొని ఇంటివద్దనే కూర్చుకొందురు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ ఇట్టి ఎలక్ట్రానిక్ సామగ్రికి పెట్టినది పేరు. పెట్టెకు దట్టమైన ప్లైవుడ్డును, మూలలకు గట్టి అతుకును, లోపల దూదిని వాడుదురు. పెట్టెలో గాలి ఏ సందునుండి కారినను మంద్రధ్వని చెడును. వడ్రంగిపని బాగుండనిచో విద్యుత్పరికరము లెంత ఖరీదైనవైనను లాభము లేదు.

నేత అతుకు వంటి ఘట్టము ఇక వచ్చుచున్నది. హద్దు సెకనుకు 2,000 కంపనములవద్ద నున్నదనుకొందము. అచ్చట రెండు స్పీకరులును ఒకే స్వరమును పలుకును. రెంటి అలలు శిఖరముతో శిఖరముగా కలిసినచో స్వరము నిండుగా నుండును; ఒకదాని శిఖరము వేరొకదాని పల్లములో పడినచో స్వరము మాయమగును. కాలిఫోర్నియాలో హ్యూలెట్ పాకార్డు సంస్థలో పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ ఈ చిక్కును పరిశీలించి, 1976లో ఒక వ్యాసమును ప్రకటించెను. అతడును, సహోద్యోగియైన రస్ రైలీయు రూపొందించిన వడపోతలో హద్దువద్ద ఒక్కొక్క స్పీకరు కంపనపరిమితి సరిగా సగముండును. రెండు సగములును ఒకే అడుగువేయుచు కలిసి ఒకటగును. నేటికిని అది వారి పేరనే వాడుకలోనున్నది.

అయితే స్పీకరులు రెండును వినువానికి సమానదూరమున నుండవలెను. ఊఫరు శంకువు లోతుగా నుండుటచే దాని ధ్వని కొంచెము వెనుకనుండి బయలుదేరును. 2,000 కంపనముల అల పొడవు 17 సెంటీమీటర్లు. అందు సగమైన ఎనిమిదిన్నర సెంటీమీటర్ల తేడా చాలును, స్వరమును చంపుటకు. డిజిటల్ పద్ధతి యొక్క సొగసు ఇచ్చట కనబడును. ధ్వని సంఖ్యలుగా నున్నది గనుక, వడపోత యనగా గుణకారములు, కూడికలు మాత్రమే. ట్వీటరు సంఖ్యలను కొద్దిసేపు ఆపి పంపిన చాలును. 34 మిల్లీమీటర్ల తేడాకు సెకనులో పదివేలవవంతు ఆలస్యము, అనగా నాలుగు కొలతల పైచిలుకు, సరిపోవును. పెట్టెను ఉలితో చెక్కనక్కరలేదు.

ఈ పద్ధతిలో అపాయమును గలదు. మామూలు పెట్టెలో ట్వీటరు ముందు కండెన్సరొకటి కాపలాగా నుండును. ఇచ్చట ఆంప్లిఫయరు నేరుగా ట్వీటరునకు కలిసియుండును. ఏమరుపాటున తీగలు తారుమారై మంద్రధ్వని దానిలోనికి పోయినచో, వెండ్రుకవలె సన్నని దాని తీగచుట్ట క్షణములో కాలిపోవును. మీట నొక్కినప్పుడు వచ్చు ధభీమను శబ్దమే చాలవచ్చును. కావున తెలిసినవారు మొదట ట్వీటరు స్థానమున ఏ పాత చౌకస్పీకరునో తగిలించి, దానిలో సన్నని ధ్వనులే వచ్చుచున్నవని నిశ్చయించుకొందురు. ట్వీటరును కలిపిన తరువాతను ఒక కండెన్సరును అడ్డుగా ఉంచుదురు. ధ్వనిని ముందుగా మిక్కిలి తక్కువగా పెట్టుదురు. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తుతో చేయు పని మాత్రము తెలిసినవాని చేతనే చేయింపవలెను.

కడపట పరీక్ష. పెట్టెకెదురుగా మైక్రోఫోను నిలిపి, మంద్రమునుండి తారమువరకు సాగు ధ్వనిని పలికించి, కంప్యూటరు తెరపై గీతను చూతురు. గది తన చేష్టను గూడ అందు చేర్చును: ఎదురెదురు గోడల నడుమ 3.4 మీటర్లున్నచో 50 కంపనముల స్వరము ఆ గదిలో పెచ్చుపెరిగి మ్రోగును. దాని నటుంచి, అతుకును పరీక్షించుటకొక చిత్రమైన ఉపాయము గలదు. ట్వీటరు తీగలు రెంటిని కావలెననియే తలక్రిందులు చేయుదురు. అప్పుడు హద్దువద్ద గీత లోతైన బావివలె దిగబడవలెను. బావి ఎంత లోతైన, రెండు స్పీకరుల అలలు అంత సరిగా సరిపోయినవన్నమాట. లోతు చాలనిచో ఆలస్యమును అటునిటు మార్చి మరల కొలుతురు. పిమ్మట తీగలను యథాస్థానమునకు మార్పగా బావి పూడి, గీత సమతలమగును. వీణ మంద్రస్థాయినుండి తారస్థాయికి పోవునప్పుడు ఏ స్పీకరు విడిచినదో, ఏది అందుకొన్నదో చెవికి తెలియదు.