సిగ్నల్ గీతలున్నా నెట్ రాదేం?

పత్తి ఏరి ఇంట్లో పోసుకున్న రైతుకు ఇప్పుడు తేమ ఒక్కటే బెంగ కాదు, ఫోన్ కూడా బెంగే. 2025లో సీసీఐ కేంద్రాల్లో పత్తి అమ్మకానికి ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ బుకింగ్ వచ్చింది. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. నెట్ అందక స్లాట్ దొరకని చిన్న రైతు దళారి చెప్పిన ధరకే తూకం వేయించాల్సి వస్తుంది. తీరా చూస్తే చాలాసార్లు లోపం టవర్‌ది కాదు, మన చేతిలోని ఫోన్‌దే.

మాట పోతున్నది గదా, నెట్ ఎందుకు రాదని చాలామంది అడుగుతారు. మాట వేరు, డేటా వేరు. రోజువారీ డేటా అయిపోతే కాల్ పోతుంది గాని నెట్ నత్తనడకన సాగుతుంది. ముందుగా ప్యాక్ ఉందో లేదో చూసుకోవాలి. రెండు సిమ్ములున్న ఫోన్‌లో బ్యాలెన్స్ ఒకదాంట్లో, డేటా సెట్టింగు ఇంకోదాని మీద ఉండడం కూడా మామూలే. అవి సరిగానే ఉంటే విమానం బొమ్మను నొక్కి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ తీసేయాలి. ఫోన్ టవర్‌ను కొత్తగా వెతుక్కుంటుంది. సగం తంటా దీంతోనే తీరుతుంది.

ఫోన్‌లో తేదీ, టైము తప్పుగా ఉన్నా యాప్‌లు తెరుచుకోవు. ఈ సంగతి ఎవరికీ తట్టదు. తేదీని ‘ఆటోమేటిక్’లో పెట్టుకోవాలి.

వైఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం కనిపిస్తే, ఫోన్ పెట్టెకు కలిసింది గాని ఆ పెట్టెకే నెట్ రావడం లేదని అర్థం. వైఫై ఆపి సిమ్ డేటా పెట్టుకుంటే సరి. పాస్‌వర్డ్ మారితే పాత పేరును ‘ఫర్‌గెట్’ చేసి మళ్లీ కొట్టాలి. ఒకే పెట్టెకు రెండు పేర్లు కనిపించి ఒకదాని చివర ‘5జీ’ అని ఉంటే అది సిమ్‌లో వచ్చే 5జీ కాదు. దానికి వేగం ఎక్కువ, గోడ దాటే బలం తక్కువ. పక్క గదిలో ఉన్నవారు రెండో పేరు ఎంచుకోవాలి. రేకుల షెడ్డులో ఏ సిగ్నలైనా తగ్గుతుంది, బయటికి రావాల్సిందే.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వంటి చోట్ల షిఫ్టు విడిచే వేళ వేల ఫోన్లు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఒక్క బోరుకు పది మళ్లు కట్టినట్టే. అలాంటప్పుడు ఫోన్‌ను తిట్టి లాభం లేదు, తెల్లవారుజామున ప్రయత్నించాలి.

బాగుచేస్తానని ఎవరైనా ఫోన్ తీసుకుంటే జర కనిపెట్టి ఉండాలి. ‘నెట్‌వర్క్ రీసెట్’ చేస్తే దాచిన వైఫై పాస్‌వర్డుల వంటి నెట్‌వర్క్ సెట్టింగులే పోతాయి. ‘ఫ్యాక్టరీ రీసెట్’ చేస్తే ఫొటోలు, యాప్‌లు సమస్తం తుడిచిపెట్టుకుపోతాయి. ఓటీపీ నెట్ లేకున్నా మెసేజ్‌గా వస్తుంది. అది ఎవరికీ చెప్పరాదు.

నెట్ లేకుండా సాగు సలహా అందడం కొత్తేమీ కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 2016లో మైక్రోసాఫ్ట్‌తో కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో మామూలు మెసేజ్‌లతోనే చెప్పింది. సలహా కావలసినవారు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. ఇన్ని చేసినా నెట్ రాకుంటే అదే సిమ్ నుంచి 198కి ఫిర్యాదు చేసి, వారిచ్చే నంబరు రాసి పెట్టుకోవాలి.