మేకు దిగినా తెలియని కాలు

సాంచాల (మరమగ్గాల) చప్పుడులో పక్కవాడి మాట వినపడదు. అయినా పడుగులో ఒక్క పోగు తెగితే నేత మనిషి కంటికి ఇట్టే ఆనుతుంది. చూడకుండానే వేళ్లు ముడి వేసేస్తాయి. అదే మనిషి రాత్రి ఇంటికొచ్చి చెప్పులు విప్పితే గచ్చు మీద నెత్తుటి మరక. అడుగునుంచి మేకు పొడుచుకొచ్చింది. ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకు తెలియదు, ఇంటావిడ చూసి చెప్పాలి.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. షుగర్ పాతబడిన ఏ ఇంట్లోనైనా జరగగలిగేదే. సోలాపూర్ నేతవాడల్లో దానికి వీలు మరికాస్త ఎక్కువ. తెలంగాణ పల్లెల నుంచి తరాల కిందట వలస వచ్చి, చద్దర్లకూ టవళ్లకూ ఈ ఊరి పేరు నిలబెట్టిన పద్మశాలీల బతుకంతా కాళ్ల మీదే నడిచింది. తాతలు గుంటమగ్గం తొక్కారు. మనవలు సాంచాల మధ్య పూటంతా నిలబడుతున్నారు.

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి అదుపు తప్పితే అన్నిటికన్నా పొడవైన నరాల కొసలు ముందు దెబ్బతింటాయి. అందుకే రోగం కాలివేళ్ల దగ్గర మొదలవుతుంది. మొదట తిమ్మిర్లు, మంటలు, దూది మీద నడుస్తున్నట్టు ఉండటం. తర్వాత ఏమీ ఉండదు. మంట తగ్గిందని సంబరపడేవాళ్లను చూస్తే భయమేస్తుంది, ఆ నరం మాట్లాడటం మానేసి ఉండొచ్చు! చెమట పట్టక మడమలు పగులుతాయి. ఒత్తిడి పడేచోట ఆనెకాయ గట్టిపడి, దాని కిందే పుండు పుడుతుంది. పైగా బీడీ, పొగాకు రక్తనాళాలను ఇరుకు చేస్తాయి.

స్పర్శ పోయిందో లేదో పట్టిచ్చేది కూడా ఒక పోగే. సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును డాక్టరు అరికాలికి ఆనిస్తారు. కళ్లు మూసుకున్న మనిషి ‘తెలిసింది’ అనాలి. ఆ పోగు లేకపోయినా ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను ఇంట్లోవాళ్లు చూపుడువేలితో క్షణంపాటు అలా తాకాలి, నొక్కకూడదు. ఆరింటిలో రెండు తెలియకపోయినా డాక్టరుకు చూపించాల్సిందే.

ఈ పుండ్ల మర్మం చాలావరకు బయటపడింది మధుమేహంలో కాదు, కుష్ఠులో. తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టిన సర్జన్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు సీఎంసీలో చేరారు. కుష్ఠు రోగుల వేళ్లు వాటంతటవే రాలిపోవడం లేదని, నొప్పి తెలియక మళ్లీ మళ్లీ తగిలించుకున్న గాయాలే తినేస్తున్నాయని ఆయన గమనించారు. తర్వాత అమెరికాలో కుష్ఠు ఆస్పత్రి ఉన్న కార్‌విల్‌లో, పాదానికి అంటిపెట్టుకునేలా పిండికట్టు వేసి పుండు మీద బరువు పడకుండా చేసే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు. షుగర్ కాళ్లకు డాక్టర్లు రాసే మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు కూడా కుష్ఠు వైద్యం నుంచి వచ్చినవే.

వైద్యంలో మిగతాదంతా డాక్టరు చేయగలిగినదే. చచ్చిన చర్మాన్ని కోసి తీయడం, చీము పడితే మందులు, రక్తం అందకపోతే నాళాన్ని తెరవడం, చక్కెర అదుపుకు మందు రాయడం. బరువు తీయడం ఒక్కటే రోగి చేతిలో ఉంది, దాని దగ్గరే బండి ఆగుతుంది. నేసినదాన్ని బట్టి కూలి వచ్చేవాడికి ‘నెలన్నర కాలు కింద పెట్టకు’ అంటే నెలన్నర పొయ్యి వెలిగించకు అన్నట్టే. మందులచీటీలో ఆ కూలికి గడి లేదు. పుండు మీద పసుపు అద్ది మళ్లీ సాంచా దగ్గరికి వెళ్లే మనిషిని తప్పుపట్టడం నాకు చేతకాదు. కానీ కాలు తీసేయాల్సి వచ్చిన మధుమేహుల్లో అత్యధికుల కథ ఇలాంటి చిన్న పుండుతోనే మొదలైంది.

కోజాగిరి పున్నమికి సోలాపూర్ నుంచి తుల్జాపూర్‌దాకా దాదాపు 45 కిలోమీటర్లు నడిచివెళ్లే భవాని భక్తుల్లో చెప్పులు లేనివాళ్లూ ఉంటారు. స్పర్శ పోయిన కాలికి ఆ మొక్కు వద్దని ఇంట్లోవాళ్లే చెప్పాలి. భవాని దర్శనానికి బస్సులున్నాయి.

మానిన పుండ్లలో దాదాపు 40 శాతం ఏడాదిలోపే తిరగబెడతాయి. అందుకే రోజూ రాత్రి అరికాలి కింద అద్దం పెట్టి చూసుకోవాలి. పొద్దున చెప్పులు తొడిగేముందు లోపల ఒకసారి చేత్తో తడమాలి. పోగు తెగితే పట్టే వేళ్లకు మేకు మొన దొరక్కపోదు.