కృష్ణ పదార్థం దొరికితే ఆ రెండు సిద్ధాంతాలూ కలుస్తాయా?

ప్రశ్న: మన అమరావతికి క్వాంటం కంప్యూటర్ వస్తోందని విన్నాను. క్వాంటం సిద్ధాంతానికీ, ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సిద్ధాంతానికీ పొసగదని మా సారు చెప్పారు. డార్క్ మ్యాటర్ దొరికితే ఆ రెండూ కలుస్తాయా?
— తొమ్మిదో తరగతి విద్యార్థిని, తుళ్లూరు మండలం

జవాబు: నువ్వడిగింది ఒక్క ప్రశ్నే అయినా అందులో మూడున్నాయి. డార్క్ మ్యాటర్, అంటే కృష్ణ పదార్థం, ఉందని ఎలా తెలిసింది? ఆ రెండు సిద్ధాంతాలకూ ఎందుకు పొసగదు? మొదటిది రెండోదానికి ఎలా అక్కరకొస్తుంది? తొందరేమీ లేదు, ఒక్కొక్కటే చూద్దాం.

పత్తి అమ్మకానికి నాన్నతో ఎప్పుడైనా వెళ్లావా? కొనేవాళ్లు బోరెంలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు పత్తి తీసి పిసికి చూస్తారు. తర్వాత తేమ మీటరు పెడతారు. పన్నెండు శాతం దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ వాళ్లు కొనరు. ఎందుకింత పట్టింపు? రెండు బోరేలు ఒకే ఎత్తు, ఒకే లావు, ఒకే తెలుపు ఉండొచ్చు. కాటా మీద పెడితే ఒకటి ఎక్కువ తూగుతుంది. ఆ ఎక్కువ తూకం తేమది. కంటికి తెలియని బరువు కాటాకు తెలిసిపోతుంది.

నక్షత్రాలను కాటాకెక్కించలేం కదా, మరి వాటి బరువు ఎలా తెలుస్తుంది? వడిసెలను గుర్తు తెచ్చుకో. జొన్నచేలో పిట్టలను తోలడానికి అందులో రాయి పెట్టి గిరగిరా తిప్పుతారు. జోరు పెంచేకొద్దీ తాడు బిగుసుకుని చేతిని లాగుతుంది. తాడుకు ఆ బలం లేకపోతే తెగి, రాయి ఎటో ఎగిరిపోతుంది. మన సూర్యుడు కూడా పాలపుంత కేంద్రం చుట్టూ సెకనుకు సుమారు 220 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నాడు. అక్కడ తాడు గురుత్వాకర్షణ. లోపల ఎంత పదార్థముంటే ఆ తాడుకు అంత బలం. కాబట్టి వేగం తెలిస్తే లోపలున్న బరువు లెక్క తేలుతుంది.

1933లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్విక్కీ కోమా అనే గెలాక్సీల గుంపును ఇలాగే తూచాడు. అందులోని గెలాక్సీలు ఎంత వేగంగా పోతున్నాయంటే, కనిపించే నక్షత్రాల బరువు వాటిని పట్టి ఉంచడానికి ఏ మూలకూ చాలదు. 1970లలో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ విడివిడి గెలాక్సీలలోనూ అదే సంగతి చూశారు. సూర్యుడికి దూరమయ్యేకొద్దీ గ్రహాల వేగం తగ్గుతుంది. భూమి సెకనుకు 30 కిలోమీటర్లు పోతే నెప్ట్యూన్ ఐదున్నరకు మించదు. గెలాక్సీల అంచున ఉన్న నక్షత్రాలు కూడా అలాగే నెమ్మదించాలి. అవి నెమ్మదించలేదు. అంటే వెలుగునివ్వని బరువేదో అక్కడ ఉంది. ఇప్పటి లెక్కల ప్రకారం విశ్వంలోని పదార్థమంతా ఆరు పాళ్లయితే, ఇంచుమించు ఐదు పాళ్లు ఇలాంటిదే. పత్తిలో తేమ మనకు తెలిసిన నీరే. ఈ బరువు దేనిదో మాత్రం ఇంకా తేలలేదు.

ఇక రెండో ప్రశ్న. ఐన్‌స్టీన్ 1915లో పూర్తిచేసిన సాధారణ సాపేక్షత సిద్ధాంతం ప్రకారం, బరువున్న ప్రతిదీ తన చుట్టూ ఉన్న స్థలకాలాన్ని వంచుతుంది. ఆ వంపునే మనం గురుత్వాకర్షణ అంటున్నాం. ఎంత వంపు, ఎక్కడ వంపు అని లెక్క కట్టాలంటే ఆ వస్తువు ఎక్కడుందో ఖాయంగా తెలియాలి. 1925, 26లలో రూపు దిద్దుకున్న క్వాంటం సిద్ధాంతం అక్కడే అడ్డు చెబుతుంది. కొలిచి చూసేదాకా ఎలక్ట్రాన్‌కు ఫలానా చోటు అంటూ ఉండదు, ఇక్కడా ఉండే వీలుంది, అక్కడా ఉండే వీలుంది అంటుంది. మరి స్థలం ఎక్కడ వంగాలి? ఇక్కడా, అక్కడా, రెండు చోట్లా సగం సగమా? దీనికి అందరూ ఒప్పుకున్న జవాబు ఇంతవరకు లేదు. ఎలక్ట్రాన్ ఆకర్షణ కొలతకు అందనంత తక్కువ కనుక రోజువారీ పనులేవీ ఆగలేదు. బ్లాక్ హోల్ అనే కృష్ణబిలం నడిమధ్యలోనూ, విశ్వం పుట్టిన తొలి క్షణంలోనూ రెండు సిద్ధాంతాలూ కలిసి పనిచేయక తప్పదు. అక్కడే లెక్క తెగదు.

ఇప్పుడు మూడో ప్రశ్నకు వద్దాం. కృష్ణ పదార్థం గురించి మనకు తెలిసిందంతా దాని గురుత్వాకర్షణ వల్ల తెలిసిందే. అయితే అది ఏ రేణువులతోనో తయారై ఉంటే, ఆ రేణువులు నడిచేది క్వాంటం నియమాల ప్రకారమే. అంటే రెండు సిద్ధాంతాలూ మాట్లాడి తీరాల్సిన వస్తువన్నమాట. దాని నుంచి దారి మూడు వైపులకు చీలుతుంది.

ఒకటి, అది కొత్త రేణువు కావచ్చు. అణుకేంద్రకాన్ని పట్టి ఉంచే బలంలో ఉన్న ఒక చిక్కు విప్పడానికి 1977, 78లలో ఆక్సియాన్ అనే రేణువును ఊహించారు. రెండు సిద్ధాంతాలను కలపాలని చూస్తున్న తీగల సిద్ధాంతంలోనూ అలాంటి రేణువులు వాటంతటవే వస్తాయి. ఆక్సియాన్ దొరికినంత మాత్రాన ఆ సిద్ధాంతం రుజువైపోదు, కానీ గట్టి ఆధారం చేతికందుతుంది.

రెండు, విశ్వం పుట్టిన కొత్తలో ఏర్పడిన చిన్న కృష్ణబిలాలు కావచ్చు. క్వాంటం నియమాల వల్ల కృష్ణబిలం కూడా వేడిని వెదజల్లుతుందని 1974లో స్టీఫెన్ హాకింగ్ లెక్క కట్టాడు. రెండు సిద్ధాంతాలూ పక్కపక్కన కూర్చున్న అరుదైన లెక్క అది. బిలం చిన్నదయ్యేకొద్దీ వేడి పెరుగుతుంది. అలాంటిదొకటి కంటబడితే ఆ లెక్కను పరీక్షించే వీలు కలుగుతుంది.

మూడు, అసలు అదనపు పదార్థమే లేకపోవచ్చు, గురుత్వాకర్షణ నియమమే సవరించాల్సి రావచ్చు. 1983లో మోర్దెహై మిల్‌గ్రోమ్ ఈ దారి తెరిచాడు. గురుత్వాకర్షణ అనేదే క్వాంటం సంబంధాల నుంచి పుడుతుందని ఎరిక్ వెర్లిండే 2016లో ప్రతిపాదించాడు. అయితే ఢీకొన్న గెలాక్సీ గుంపుల్లో వాయువు ఒక చోట, ఆకర్షణ మరో చోట కనిపిస్తున్నాయి. అదనపు పదార్థం లేదంటూ దానికి జవాబు చెప్పడం ఈ దారికి కష్టంగానే ఉంది.

తెలియని పదార్థం ఒకటి సిద్ధాంతాన్ని ఎలా కదిలిస్తుందో చూడాలంటే మనం గుంటూరు దాటి వెళ్లనక్కర్లేదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు, మద్రాసు వేధశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును రంగులుగా విడదీసి చూశారు. ఆనాటి పరిశీలనల్లో ఒక పసుపు గీత కనబడింది. సోడియం అనే మూలకం ఇచ్చే పసుపు గీత ఉండే చోటుకు అది సరిపోలేదు. అదే ఏడు అక్టోబరులో లాక్యర్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఇంగ్లండులో ఆ గీతను మళ్లీ చూశాడు. అది భూమ్మీద ఎరగని మూలకానిదని తలచడంతో, ఆ మూలకానికి హీలియం అనే పేరు వచ్చింది. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి దాన్ని రాబట్టేదాకా హీలియం ఎవరి చేతికీ అందలేదు.

కథ అంతటితో ఆగలేదు. 1913లో బోర్ చెప్పిన పరమాణు సిద్ధాంతం హైడ్రోజన్ గీతలను చక్కగా వివరించింది. రెండు ఎలక్ట్రాన్లున్న హీలియం దగ్గరకొచ్చేసరికి చతికిలబడింది. కొత్త క్వాంటం సిద్ధాంతం వచ్చాక, 1926లో హైజెన్‌బర్గ్ ఆ ముడి విప్పాడు. పాత సిద్ధాంతం ఎక్కడ చాలదో హీలియం చూపించింది. చేతికి తీసుకుని పరీక్షించగలిగారు కనుకే చూపించగలిగింది.

కాబట్టి నీ ప్రశ్నకు నా జవాబు ఇది. కృష్ణ పదార్థం దొరికిన రోజే రెండు సిద్ధాంతాలూ కలిసిపోవు. అదేమిటో తెలిస్తే, మనకు తెలిసిన నియమాలు దాని ముందు ఎక్కడ చాలవో తెలుస్తుంది. కలిపే పని అక్కడ మొదలవుతుంది. పసుపు గీత నుంచి హైజెన్‌బర్గ్ లెక్క దాకా 58 ఏళ్లు పట్టింది. జ్విక్కీ తూకం వేసి ఇప్పటికే 90 ఏళ్లు దాటాయి.

వెతుకులాట మాత్రం ఆగలేదు. అమెరికాలో ఆక్సియాన్ కోసం పెట్టిన ఒక పరికరాన్ని హీలియంతోనే చల్లబరుస్తున్నారు. అమరావతి క్వాంటం వ్యాలీలో పెడతామని 2025లో ప్రకటించిన ఐబీఎం యంత్రం లాంటివి పనిచేయాలన్నా, ఇక చల్లబరచడానికి వీల్లేని హద్దుకు దగ్గరగా వాటిని ఉంచాలి. ఆ చల్లదనమూ హీలియంతోనే వస్తుంది. ఆ యంత్రం చూడటానికి మీ బడి నుంచి తీసుకెళ్తే, చల్లబరిచే గొట్టం ఏదో అడిగి చూడు. ఒకనాడు గుంటూరు ఆకాశంలో పసుపు గీతగా కనిపించినది అందులోనే ఉంటుంది.