కంచర గాడిదలో పలికే జన్యువు ఎవరిది?

కేదార్‌నాథ్ కొండదారిలో బరువులు మోసే కంచర గాడిదకు తల్లి గుర్రం, తండ్రి గాడిద. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, దీనికి 63. దాని కణాల్లో దాదాపు ప్రతి జన్యువుకూ గుర్రం ప్రతి ఒకటి, గాడిద ప్రతి ఒకటి ఉంటాయి. రెండూ సమానంగా పనిచేస్తాయా?

చేయాలని లేదు. జన్యువు పక్కనుండే డీఎన్‌ఏ భాగం స్విచ్ లాంటిది. దాన్ని నొక్కేవి కణంలోని కొన్ని ప్రోటీన్లు. రెండు జాతుల్లో ఒకే జన్యువు వేర్వేరు స్థాయుల్లో పనిచేస్తుంటే, తేడా స్విచ్‌లో ఉందా, ప్రోటీన్లలో ఉందా? సంకర జీవిలో ఈ చిక్కు విడిపోతుంది. అక్కడ రెండు స్విచ్‌లకూ అందేవి అవే ప్రోటీన్లు. అయినా ఒక ప్రతి నుంచే ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా వస్తుంటే లోపలి తేడా స్విచ్‌లోదే. ప్రతుల అక్షరాల్లో చిన్న తేడాలుంటాయి కనుక ఏ ఆర్‌ఎన్‌ఏ ఎవరిదో లెక్కపెట్టవచ్చు. 2004లో రెండు జాతుల డ్రోసోఫిలా ఈగలను సంకరపరచి ఇలాగే చూశారు. స్థాయిలో తేడా ఉన్న 29 జన్యువుల్లో 28కి స్విచ్ తేడా కనిపించింది. కొన్నింట్లో ప్రోటీన్ల వాటా కూడా ఉంది.

తల్లిదండ్రులను తారుమారు చేస్తే కథ ఇంకా ఆసక్తికరం. తల్లి గాడిద, తండ్రి గుర్రం అయితే పుట్టేది హిన్నీ. జన్యు సరుకు దాదాపు అదే. కానీ పిండం ఎదుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్2 లాంటి జన్యువుల్లో తండ్రి ప్రతే పలుకుతుంది. అందుకే కంచర గాడిద మాయలో గాడిద ప్రతి, హిన్నీ మాయలో గుర్రం ప్రతి పనిచేస్తాయి. అక్షరాలు మారవు, డీఎన్‌ఏకి అంటుకున్న మిథైల్ గుర్తులే ఆ తేడా తెస్తాయి. అయితే రెండు జంతువుల మధ్య తేడాలన్నిటినీ ఈ గుర్తుల ఖాతాలో వేయలేం. తల్లి గర్భసంచి పరిమాణం, తల్లి నుంచే వచ్చే మైటోకాండ్రియా కూడా వేరు కదా!